పడమటి గోడ మీద రాధామనోహరం

మనుషుల్ని నమ్మడంలో నన్ను మించిన వెర్రిబాగుల్ది ఏలూరు మొత్తంలో లేదని మా వారు ఇప్పటికీ అంటుంటారు. నేను ఒప్పుకోను. నమ్మిన దానికి వెర్రిబాగుల్దని పేరు పెట్టారు సరే, నమ్మించిన ఆవిడకి ఏం పేరు పెట్టాలి? అది మాత్రం ఆయన చెప్పరు. "పోనిద్దూ, ఎప్పటి మాట!" అంటారు. ఎప్పటి మాటైనా నాకది నిన్నటి మాటే.

రెండువేల మూడులో మా వారికి ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. అద్దె ఇల్లు చూసుకోవాల్సింది ఎండాకాలంలో. మేం చూసుకున్నది కార్తీకమాసంలో. మేడ మీద ఒక గది, ఒక వంటగది, ముందు కాస్త డాబా. కొల్లేటి వైపు నుంచి గాలి హాయిగా వీస్తోంది. "అబ్బ, ఎంత బావుందండీ!" అన్నాను. గదికి పడమటి వైపు చెట్టూ లేదు, పక్కన మేడా లేదు, గోడ బోసిగా ఆకాశానికి ఎదురుగా నిలబడి ఉంది. నేనది చూడలేదు. మా వారు చూశారేమో తెలియదు గానీ, చూసినా చెప్పే మనిషి కాదు.

కింద వాటాలో ఇంటావిడ ఒక్కరే ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి. వీధి వీధంతా ఆవిడని మామ్మగారు అనే పిలిచేది. మాట వెన్నపూస. అమ్మా, తల్లీ లేకుండా ఆవిడ నోట ఒక్క మాట వచ్చేది కాదు. నేను ఆరో నెల కడుపుతో దిగిన రోజు నుంచీ మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి పిలిచి మరీ మజ్జిగ ఇచ్చేవారు. ఆవిడ చెడ్డ మనిషై ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

మాఘమాసంలో మా అమ్మాయి పుట్టింది. పెంటపాడులో పుట్టింటి దగ్గర మూడో నెల వరకూ ఉండి, పిల్లనెత్తుకుని ఏలూరు వచ్చాను. అప్పుడు తెలిసింది ఆ గోడ సంగతి. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టి పొద్దుగూకే దాకా ఎండంతా దాని మీదే. రాత్రి భోజనాల వేళకి కూడా గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఫ్యాను వేస్తే వేడిగాలి, కరెంటు పోతే అదీ లేదు. పిల్లకి ముందు ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి. తర్వాత నెత్తి మీద సెగ్గడ్డలు. తర్వాత జ్వరం. డాక్టరుగారు చూసి, "మందు నేనిస్తాను గానీ, ముందు పిల్లని ఆ గదిలోంచి మార్చండమ్మా" అన్నారు. ఎక్కడికి మారుస్తాం? ఉన్నది ఆ ఒక్క గది. కాలేజీకి నడిచి వెళ్ళే దూరంలో మా జీతానికి అందిన వాటా అదొక్కటే. పిల్లని తీసుకుని మళ్ళీ పెంటపాడు పోయాను. వానలు పడే దాకా నేనూ పిల్లా అక్కడ, ఆయన ఇక్కడ. పిల్ల బోర్లా పడటం ఆయన చూడనే లేదు. వచ్చే ఎండాకాలానికి ఆ గోడ చల్లబడి తీరాలి, లేకపోతే ఏటా మా కాపురం ఇలాగే రెండు ముక్కలు అవుతుందని నాకు అర్థమైంది.

తిరిగి రాగానే మామ్మగారిని అడిగాను, గోడకి తాటాకులు కట్టించమని.

"తాటాకులు గాలికి లేచిపోతాయి తల్లీ. తీగ పాకించు. గోడా చల్లగా ఉంటుంది, కంటికీ బావుంటుంది" అన్నారు.

"అయితే మీరే ఒక పాదు పెట్టించండి మామ్మగారూ!"

"అయ్యో, మాకు ఆనవాయితీ లేదమ్మా! మా అత్తగారి నాటి నుంచీ మా ఇంటి వాళ్ళెవరూ తీగ పాదు పెట్టకూడదు. ఎప్పుడో ఎవరో పెడితే కీడు జరిగిందట. నువ్వు పెట్టుకుంటే తప్పు లేదు. మీ ఇంటిపేరు వేరు కదా!"

మా వైపు ఈ మాట అంటే ఇక ఎదురు ప్రశ్న ఉండదు. ప్రతి ఇంటికీ ఏదో ఒకటి ఉంటుంది. ఒక ఇంట్లో పొట్లపాదు పెట్టరు, ఇంకో ఇంట్లో వడియాలు పెట్టరు, పక్కింటి వాళ్ళు పెట్టి ఇస్తే తింటారు. అందుకని నాకేమీ అనుమానం రాలేదు. ఊరికే హాస్యానికి అన్నాను.

"పెంచి పెద్ద చేశాక, ఖాళీ చెయ్యమంటే నా గతేం కాను మామ్మగారూ?"

"హవ్వ! ఎంతమాట! ఎన్నాళ్ళైనా ఉండండి తల్లీ. మీ అమ్మాయి పెళ్ళి ఈ మేడ మీదే చేద్దువుగాని" అని నా బుగ్గలు పుణికారు.

ఆ మాట విన్నాక మా నాన్నకి కబురు పెట్టాను. ఆయన తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కి వచ్చాడు. పొలంలో వరి తప్ప ఇంకేమీ ఎరగడు గానీ పెరట్లో పాదులంటే ప్రాణం. గోడ పక్క సందులో నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ గోడని ఎగాదిగా చూశాడు.

"ఇది గోడ కాదే అమ్మాయ్, అట్ల పెనం!" అన్నాడు.

"త్వరగా అల్లుకునేది కావాలి నాన్నా. ఎండకి ఆగేది కావాలి."

"రెండూ ఒక్కదాంట్లో కావాలంటే ఎలాగే? సొర ఉందనుకో, వారం తిరిగేసరికి మూరెడు పాకుతుంది. ఆకు గొడుగంత. కానీ నాలుగు నెలల సంబడం. ఎండ ముదిరేసరికి అదే వాడిపోతుంది. సన్నజాజి పెట్టావంటే గోడ నిండేసరికి నీ కూతురు బడికి పోతుంది. కాగితం పువ్వు ఉందే, అది ఎండని మంచినీళ్ళలా తాగేస్తుంది. కానీ ఒళ్ళంతా ముళ్ళు. పాకే పిల్లున్న ఇంట్లో వద్దు."

"మరేం పెడదాం?"

"రాధామనోహరం. మొదట్లో కాస్త ఏడిపిస్తుంది. ఒకసారి వేరు పట్టుకుందా, నువ్వు పొమ్మన్నా పోదు. నరికినా మళ్ళీ లేస్తుంది."

మా పశువుల పాక మీద ఏళ్ళ తరబడి ఉన్న రాధామనోహరం నుంచి వేరు పిలక ఒకటి తవ్వి, తడి గోనెలో చుట్టి, మళ్ళీ ప్యాసింజర్లో పెట్టుకుని తెచ్చాడు. సందులో గుంట తీసి, పెంటపాడు పశువుల ఎరువు వేసి నాటాడు. దాని పక్కనే, ఏడ్చే పిల్లకి తిరునాళ్ళలో బొమ్మ కొనిచ్చినట్టు, మాఘంలో సొర గింజలు పెట్టుకోమని పొట్లం ఇచ్చాడు. పెద్దది ఎదిగేలోపు చిన్నది నీడనిస్తుందన్నమాట. "తల ఎండలో ఉన్నా ఫర్వాలేదు, మొదలు మాత్రం చల్లగా ఉండాలి" అని మొదలు చుట్టూ ఇటుకలు పేర్చి, ఎండుగడ్డి కప్పి వెళ్ళాడు.

తీగ ఎగబాకడానికి ఆధారం కావాలి. మా వారి కాలేజీలో అటెండరుది కొల్లేటి ఒడ్డున ఊరు. చేపల చెరువు దగ్గర పారేసిన పాత నైలాను వల ఒకటి సైకిలు మీద వేసుకొచ్చి, మేడ మీద నుంచి కిందికి వేలాడగట్టి వెళ్ళాడు. అబ్బ, ఆ కంపు! వీధిలో పిల్లులన్నీ మూడు రోజులు మా సందులోనే మకాం. చేప పేరు చెబితేనే స్నానం చేసే మామ్మగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఏం చేస్తాం తల్లీ, పసిపిల్ల కోసం ఆ మాత్రం భరించాలి" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చూశారా మరి, మా వారు పెట్టిన పేరు ఊరికే రాలేదు.

ఆ తీగని నేను పెంచాననడం చిన్నమాట. బియ్యం కడిగిన నీళ్ళు దానికే, పప్పు కడిగిన నీళ్ళు దానికే. పిల్లని చంకనేసుకుని రోజుకి రెండుసార్లు మెట్లు దిగి చూసేదాన్ని. నాన్న చెప్పినట్టే మొదట ఏడిపించింది. కార్తీకం దాకా మోకాలెత్తు దాటలేదు. మాఘంలో సొర లేచి వల పట్టుకుని గబగబా ఎక్కేస్తుంటే, దాన్ని చూసి రోషం వచ్చిందో ఏమో, ఇదీ అందుకుంది. చైత్రం వచ్చేసరికి రెండూ కలిసి మేడ ఎక్కేశాయి. వైశాఖంలో సొర వాడి రాలిపోయే వేళకి రాధామనోహరం దాని చోటంతా ఆక్రమించేసింది. సాయంత్రం తెల్లగా విచ్చిన గుత్తులు మర్నాటికి గులాబీ రంగుకి, ఆ మర్నాటికి ఎరుపుకి తిరిగేవి. అవతలి వీధి వాళ్ళు కూడా ఆగి చూసేవారు.

రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, మా అమ్మాయి మధ్యాహ్నం మూడు గంటలపాటు కదలకుండా నిద్రపోయింది. నేను గోడకి చెంప ఆనించి చూశాను. చల్లగా లేదు గానీ, చురుక్కుమనలేదు. మా వారు కాలేజీ నుంచి వచ్చి, "ఏంటీ, ఇవాళ ఇంట్లో ఏదో తేడాగా ఉంది!" అన్నారు. నేను గర్వంగా నవ్వాను. ఆ వేసవి నేనెక్కడికీ పోలేదు. పిల్ల నడక నేర్చుకున్నది ఆయన కళ్ళముందే.

ఆ రోజుల్లోనే మామ్మగారి మేనల్లుడు చుట్టపుచూపుగా వచ్చాడు. పెద్దమనిషి. మామ్మగారు ఆయన్ని మా మేడ మీదికి తీసుకొచ్చి, "మా అమ్మాయి పెంచిన తీగ చూడు" అన్నారు. మా అమ్మాయి అన్నారు! ఆయన మా గదిలో గంటసేపు కూర్చున్నాడు. నేను మజ్జిగలో నిమ్మాకు వేసి ఇచ్చాను. "ఏసీ పెట్టినట్టుందండీ!" అని లేచి వెళ్ళాడు. నేను పొంగిపోయాను. తీగని ఎలా పెంచానో, నీళ్ళు ఎన్నిసార్లు పోస్తానో, అన్నీ విడమరచి చెప్పాను. నా నెత్తి మీద నేనే చెయ్యి పెట్టుకున్నానని అప్పుడేం తెలుసు?

మరుసటి ఏడాది ఫాల్గుణంలో మామ్మగారు మజ్జిగ గ్లాసు ఇస్తూ చెప్పారు. "మా మేనల్లుడి కొడుక్కి ఏలూరు బదిలీ అయిందమ్మా. ఉగాదికి దిగుతారు. మీరు ఇంకో ఇల్లు చూసుకోవాలి తల్లీ."

గ్లాసు మెట్టు మీద పెట్టేశాను.

"అదేంటి మామ్మగారూ! ఎన్నాళ్ళైనా ఉండమన్నారు కదండీ?"

"అన్నానమ్మా. ఎందుకనలేదూ? వాళ్ళు ఇదివరకూ అడిగారు, పొయ్యిలో కాపురం ఏం చేస్తాం అని పోయారు. ఇప్పుడు చల్లబడింది కదా, కావాలంటున్నారు. సొంతవాళ్ళు, కాదనలేను కదా?"

దాపరికం లేదు. సిగ్గు లేదు. అదే వెన్నపూస గొంతు. గోడ చల్లబరిచినందుకే నన్ను వెళ్ళగొడుతున్నానని ముఖం మీద చెప్పి, మజ్జిగ తాగమంటున్నారు.

"మరి నా తీగ?" అన్నాను.

"తీగనెక్కడికి పట్టుకుపోతావు తల్లీ? ఉండనీ. మాకు పాదు పెట్టే ఆనవాయితీ లేనట్టే పీకే ఆనవాయితీ కూడా లేదు" అని నవ్వారు.

మర్నాడు పాలు పోసే ఆవిడతో చెప్పుకుని ఏడిస్తే, ఆవిడ బుగ్గన వేలేసుకుంది. "మీకు తెల్దేంటండీ? ముందు వాకిట్లో మల్లెపందిరి ఎవరేశారనుకున్నారు? మీ ముందున్న టీచరమ్మగారు. పెరట్లో దొండపాదు అంతకు ముందోళ్ళది. ఆవిడ చేత్తో ఒక్క మొక్క పెట్టరండి, ఆవిడ ఇంట్లో లేని పాదు ఉండదండి!"

తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే అదీ. ఏరు దాటే దాకా అమ్మా తల్లీ, దాటాక తెప్ప తగలెయ్యడం. మా వారితో చెబితే, "ఇల్లు ఆవిడది, మనం ఏం చేస్తాం?" అన్నారు. ఇల్లు ఆవిడది. నీడ ఎవరిదండీ?

ఉగాదికి నాలుగు రోజుల ముందు ఖాళీ చేశాం. సామానుతో మా వారు ముందు వెళ్ళారు, పిల్లని పక్కింట్లో పడుకోబెట్టాను. గదులు ఊడ్చి వస్తానని నేను ఆగాను. కింద మామ్మగారు మధ్యాహ్నం కునుకులో ఉన్నారు. మిగిల్చి ఉంచుకున్న కిరసనాయిలు స్టవ్వు మీద పెద్ద గిన్నెడు నీళ్ళు పెట్టాను. రెండు దోసిళ్ళ కల్లుప్పు పోశాను. నీళ్ళు తెర్లుతుంటే సందులోకి వెళ్ళి, ఇటుకలు తీసి, గడ్డి పక్కకి జరిపి, కొడవలితో మొదలు కోశాను. బొటనవేలంత లావుంది. ఒక్క వేటుకి తెగలేదు. కోస్తే మళ్ళీ లేస్తుందని నాన్న చెప్పాడు కదా, అందుకే ఉప్పునీళ్ళు. రైతు కూతుర్ని, ఎలా చంపాలో నాకు బాగా తెలుసు. మసిలే నీళ్ళు మూడు విడతలుగా వేరు మీద పోసి, గడ్డి కప్పి, ఇటుకలు ఎప్పటిలాగే పేర్చాను. తలెత్తి చూస్తే పైన తీగంతా పచ్చగా ఉంది. దానికింకా సంగతి తెలియదు.

చేతులు కడుక్కుని, పిల్లనెత్తుకుని, "వెళ్ళొస్తాను మామ్మగారూ" అన్నాను. ఆవిడ నిద్రలేచి వచ్చి, పిల్ల చేతిలో అరటిపండు పెట్టి, కళ్ళు తుడుచుకున్నారు.

కాలువ అవతల కింద వాటా దొరికింది. చీకటిల్లు గానీ చల్లగా ఉండేది. మొదటి వారమంతా నాకు లోపల పండగే. ఇవాళ ఆకులు వాలి ఉంటాయి, ఇవాళ రాలి ఉంటాయి, ఇవాళ ఆ మేనల్లుడి కొడుకు గోడ మీద చెయ్యి పెట్టి ఉంటాడు అని అంట్లు తోముకుంటూ లెక్క వేసుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. మా వారికి అసలే చెప్పలేదు.

రోహిణి కార్తె మొదలైన మూడో రోజున పాలావిడ కబురు తెచ్చింది. "మామ్మగారు మిమ్మల్నోసారి రమ్మన్నారండి. తప్పకుండా రమ్మన్నారు."

దొరికిపోయాననుకున్నాను. వెళ్ళకూడదనుకున్నాను. తర్వాత రోషం వచ్చింది. అడిగితే అడగనీ, నేనూ నాలుగు కడిగేసి వస్తాను, ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నదంతా ఆవిడ వాకిట్లో కక్కేసి వస్తాను అనుకుని రిక్షా ఎక్కాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

సందు మలుపులోంచే కనిపించింది. వల మీద తీగ ఎండి, గోధుమరంగు తాళ్ళలా వేలాడుతోంది. గోడ మళ్ళీ బోసిగా, తెల్లగా, కళ్ళు చెదిరేలా ఉంది. గోడ కింద ఒక సన్నటి అమ్మాయి, ఆ మేనల్లుడి కోడలన్నమాట, నిలబడి ఉంది, ఇరవై ఏళ్ళుంటాయేమో. భుజం మీద చంటిపిల్ల. ఆ పిల్ల నెత్తి మీద మూడు సెగ్గడ్డలు, మెడ నిండా చెమటకాయలు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, ఏడుపు కూడా సరిగా రావడం లేదు.

"మీరేనా అక్కయ్యగారూ? రండి. మాది తణుకండి" అంది ఆ అమ్మాయి. "మూడో నెల దీనికి. డాక్టరుగారు గది మార్చమంటున్నారండి. ఎక్కడికి మారుస్తాం చెప్పండి?"

చంటిపిల్ల ఉందని నాకు తెలియదు. నిజంగా తెలియదు. తెలిస్తే కోసేదాన్ని కాదా అంటే, ఆ రోజు నాకున్న కోపానికి ఏం చేసేదాన్నో నేను చెప్పలేను.

మామ్మగారు మెల్లగా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. చిక్కిపోయారు. "నీ మీద బెంగెట్టుకుందమ్మా ఆ తీగ" అన్నారు. "నువ్వెళ్ళిన మూడో రోజుకే తల వేలేసింది. ఎన్ని నీళ్ళు పోయించినా నిలవలేదు. పెంచిన చెయ్యి కదా, అది కనిపెట్టేసింది."

నేను కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో!

"మాకూ పాదు పెట్టే ఆనవాయితీ లేదటండి అక్కయ్యగారూ" అంది ఆ అమ్మాయి. "పాలావిడ చేత రెండుసార్లు పెట్టించాం. రెండూ మాడిపోయాయి. మీ చెయ్యి మంచిది, మీ చేత్తోనే పెట్టించాలని మామ్మగారు రోజూ ఒకటే పోరండి." నల్ల ప్లాస్టిక్ సంచిలో రాధామనోహరం మొక్క చూపించింది. పుట్టింటి వాళ్ళు నర్సరీలో కొని పంపారట.

ఇటుకల మధ్య గుంట సిద్ధంగా తవ్వి ఉంది. అదే గుంట. చుట్టూ గడ్డిపరక కూడా మొలవలేదు.

"ఇక్కడ వద్దు" అన్నాను. "అటు, రెండు గజాల అవతల తవ్వించండి."

"ఎందుకండీ?"

"ఆ మట్టి మంచిది కాదు."

ఆ అమ్మాయి గునపం తెచ్చింది. తవ్వింది నేనే. నాన్న చెప్పినట్టే మొదలు చుట్టూ గడ్డి కప్పాను, నాన్న పేర్చిన ఇటుకలే తీసి పేర్చాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. "వచ్చే ఎండాకాలానికైనా అల్లుకుంటుందా అక్కయ్యగారూ?" అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగింది. "పక్కన సొర పెట్టించు. ఈలోగా తాటాకులు కట్టించు, గాలికి లేచినా ఫర్వాలేదు" అని చెప్పాను. తీగ ఎందుకు చచ్చిందో చెప్పలేదు. నా చేతుల మీద నీళ్ళు పోస్తూ, "మీ మేలు మర్చిపోమండి" అంది.

మామ్మగారు నాకు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క పెట్టారు. నిన్ను పంపించడం తప్పమ్మా అన్న మాట ఆవిడ నోట ఆ రోజూ రాలేదు. నేను చేసింది నా నోటా రాలేదు. ఆవిడ నాకు చేసింది మోసమే, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. జాకెట్టు ముక్క బీరువా అడుగున అలాగే ఉంది, కుట్టించుకోలేదు. మా వారు వెర్రిబాగుల్దానివి అన్నప్పుడల్లా, అంతా ఆవిడే చేసిందని ఇంతెత్తున లేచి వాదిస్తాను. ఉప్పునీళ్ళ సంగతి మాత్రం ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు.